మినీ ర్యాంప్ మీద రాక్ స్లైడ్: కోపింగ్ ఎక్కగానే బోర్డు ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: వయసు 41, ఇంజనీర్. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో నాలుగడుగుల మినీ ర్యాంప్ (ఎదురెదురుగా రెండు వంపు గోడలున్న చిన్న ర్యాంప్) మీద ఏడాదిగా స్కేట్‌బోర్డింగ్ చేస్తున్నారు. ఎడమ కాలు ముందు, అంటే రెగ్యులర్. పై అంచు నుంచి లోపలికి దిగే డ్రాప్ ఇన్, వెనుక చక్రాల మీద బోర్డుని తిప్పే కిక్‌టర్న్, ముందు చక్రాలని అంచు దాటించి తిరగకుండా వెనక్కే దిగే రాక్ టు ఫేకీ వచ్చాయి. అలాగే ఎక్కి, తిరిగి ముందుకి దిగే రాక్ అండ్ రోల్ ఒకసారి కుదిరితే రెండుసార్లు కుదరడం లేదు. ఎనభైల నాటి స్కేటర్లలాగా బోర్డు పొట్టని (రెండు జతల చక్రాల మధ్య అడుగు భాగాన్ని) కోపింగ్ మీద, అంటే ర్యాంప్ పై అంచున ఉండే పైపు మీద, ఆనించి పక్కకి జారుతూ పోయే రాక్ స్లైడ్ నేర్చుకోవాలని మీ కోరిక. కానీ కోపింగ్ ఎక్కగానే బోర్డు అతుక్కున్నట్టు ఆగిపోతోంది, మీరు మాత్రం ముందుకి తూలుతున్నారు. వ్యాక్స్ (మైనం) ఇంకా రాయాలా, రైల్స్ (బోర్డు కింద బిగించే ప్లాస్టిక్ పట్టీలు) బిగించాలా, పాతకాలపు వెడల్పాటి బోర్డు కొనాలా, లేక వయసు మీద పడిందా అని అడిగారు.

నాలుగూ కాదండీ. మీరు రాసినదాన్ని బట్టి గోడని నిటారుగా ఎక్కుతున్నారు. నిటారుగా ఎక్కితే పైకి చేరేసరికి వేగమంతా అయిపోతుంది, పక్కకి పోవడానికి ఏమీ మిగలదు. ఉన్నచోటే నిలబడిపోయిన బోర్డుని కాళ్లతో నెట్టి జరపాలని చూస్తున్నారు, అది కదలదు. సరైన కోణంలో వస్తే జారుడు దానంతటదే వస్తుంది. మనం నేర్చుకోవలసింది ఎక్కేటప్పుడు బరువు ఎక్కడ పెట్టాలి, దిగేటప్పుడు ముందు చక్రాలని కోపింగ్‌కి తగలకుండా లోపలికి ఎలా తేవాలి అన్నవే. వీటిలో కూడా దిగడమే ముందు నేర్చుకోవాలి. చాలామంది ఈ వరస తిరగేస్తారు. ఎలాగోలా జారితే చాలు, దిగడం తర్వాత చూసుకుందాం అనుకుంటారు. ఎముకలు విరిగేది అక్కడే.

కాస్త చరిత్ర చెప్తాను, ఎందుకంటే మీ రైల్స్ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. దక్షిణ కాలిఫోర్నియాలో 1976-77 కరవు రోజుల్లో చాలా ఇళ్ల ఈత కొలనులు ఎండిపోయాయి. కుర్రాళ్లు కంచెలు దూకి వాటిల్లో స్కేట్ చేసేవారు. కొలను అంచున ఉండే గుండ్రటి సిమెంటు దిమ్మెలే వాళ్లకి కోపింగ్. అదే సమయంలో కార్ల్స్‌బాడ్ (1976), అప్‌లాండ్ (1977), డెల్ మార్ (1978) లాంటి చోట్ల సిమెంటు స్కేట్‌పార్కులు వచ్చాయి. రాక్ అండ్ రోల్ ఆ డెబ్బైల చివరి ట్రిక్కే. ముందు చక్రాలని అంచు దాటించి, బోర్డుని ఒక్క క్షణం ఊపి, మళ్లీ తిప్పుకుని లోపలికి దిగడం. తర్వాత ఇన్సూరెన్స్ భారం తట్టుకోలేక చాలా పార్కులు ఎనభైల మొదట్లోనే మూతపడ్డాయి. డెల్ మార్ మాత్రం 1987 దాకా ఈడ్చుకొచ్చింది. పార్కులు పోయాక స్కేటర్లు పెరట్లో ప్లైవుడ్‌తో సొంత ర్యాంపులు కట్టుకున్నారు. వాటికి కోపింగ్ అంటే పీవీసీ పైపో, ఇనుప పైపో. సిమెంటు దిమ్మె మీద గరగరమంటూ ఆగిపోయే చెక్క బోర్డు, పైపు మీద ఐతే హాయిగా జారుతుంది. అంటే జారడానికి రైల్స్ తప్పనిసరి కాదు. అందుకే రాక్ స్లైడ్‌కి కొలను కన్నా పెరటి ర్యాంపే అసలు ఇల్లు అని నేనంటాను. మీరు చూసిన వీడియోల్లో ఎక్కువగా కనబడేవి కూడా ఆ చెక్క ర్యాంపులే అయ్యుండాలి.

ఇక కోణం సంగతి. ఇంజనీర్ అన్నారు కాబట్టి లెక్కతోనే చెప్తాను. నాలుగడుగుల ఎత్తుకి చేరాలంటే, ఘర్షణనీ మోకాళ్ల పంప్‌నీ (మోకాళ్లు వంచి లేపి వేగం తెచ్చుకోవడాన్ని) పక్కన పెడితే, ర్యాంప్ అడుగున గంటకి దాదాపు 18 కిలోమీటర్ల వేగం ఉండాలి. నిటారుగా వెళ్తే అదంతా ఎత్తు ఎక్కడానికే ఖర్చైపోతుంది. అదే నిటారు గీత నుంచి 30 డిగ్రీలు పక్కకి వాలి వచ్చారనుకోండి. అడుగున 20 కిలోమీటర్లు ఉంటే చాలు, పైకి చేరడానికి సరిపోగా గంటకి 10 కిలోమీటర్ల పక్క వేగం మిగులుతుంది. అంటే జాగింగ్ చేసే వేగంతో కోపింగ్ వెంట జారుతున్నారన్నమాట. అదనంగా కావలసిన వేగం కొంచెమే, దానికి ఒక్క మంచి పంప్ చాలు. 45 డిగ్రీలు వాలితే మాత్రం అడుగున 25 దాకా కావాలి. అది ఇప్పుడే వద్దు. పైగా అంత ఏటవాలుగా వస్తే వెనుక ట్రక్కు (చక్రాల ఇరుసు) కూడా కోపింగ్ ఎక్కేసి స్లైడ్ కాస్తా గ్రైండ్ (ఇరుసు మీద జారడం) అయిపోతుంది. ఆ మధ్యలోనే, 30 దగ్గర ఉండండి.

ఏ వైపుకి వాలాలన్నది కూడా ముఖ్యం. మీరు రెగ్యులర్ కాబట్టి కుడివైపుకి. గోడ ఎక్కుతూ కుడికి వంపు తిరుగుతుంటే మీ వీపు కోపింగ్ వైపు, ఛాతీ ర్యాంప్ లోపలి వైపు ఉంటాయి. ఇదే బ్యాక్‌సైడ్. పైకి చేరగానే నోస్‌ని (బోర్డు ముందు కొనని) కొంచెం ఎడమకి, అంటే ప్లాట్‌ఫాం (ర్యాంప్ పైన నిలబడే చదును) వైపుకి తిప్పి ముందు చక్రాలని అవతలికి దాటిస్తారు. అప్పుడు మీ ఛాతీ సరిగ్గా జారే దిశకి తిరిగి ఉంటుంది, ఎదురుగా ఏముందో కనబడుతుంది. గూఫీ వాళ్లు, అంటే కుడి కాలు ముందు పెట్టేవాళ్లు, కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి.

బోర్డు ఎందుకు అతుక్కుంటుందో ఇప్పుడు చూద్దాం. కోపింగ్ మీద ఉన్న బోర్డు మూడు చోట్ల తగలొచ్చు: పొట్ట కోపింగ్ మీద, వెనుక చక్రాలు గోడ మీద, ముందు చక్రాలు ప్లాట్‌ఫాం మీద. వీటిలో జారేది పొట్ట ఒక్కటే. చక్రాలు ఆ సమయంలో అడ్డంగా ఉంటాయి, పక్కకి దొర్లలేవు, కాబట్టి బ్రేకులా పట్టుకుంటాయి. రాక్ టు ఫేకీ బాగా అలవాటైన వాళ్లకి బరువంతా వెనుక కాలి మీద ఉంచే అలవాటు ఉంటుంది. అక్కడ అది మంచిదే, ఇక్కడ అదే పనికిరాదు. వెనుక చక్రాలు గోడకి గట్టిగా నొక్కుకుపోయి బోర్డు ఆగిపోతుంది. మీరు ముందుకి తూలడానికి కారణం చాలావరకు ఇదే. దీనికి భయపడి మరీ ముందుకి వంగితే ముందు చక్రాలు ప్లాట్‌ఫాం మీద పడి అవీ పట్టుకుంటాయి. పైగా అక్కడి నుంచి లోపలికి తిరిగి రావడం కష్టం. నడుము సరిగ్గా కోపింగ్ పైన, ఒక పిసరు ర్యాంప్ లోపలి వైపుకి ఉండాలి. రెండు మోకాళ్లూ బాగా వంగి, బరువు రెండు కాళ్లకీ సమానంగా పంచితే పొట్టే భారం మోస్తుంది. వెనుక చక్రాలు గోడని తాకీ తాకనట్టు ఉంటాయి. ముందు చక్రాలు గాలిలో ఉండాలి.

చెవితో కూడా పట్టేయొచ్చు. ఎక్కేటప్పుడు 'టక్' అని పొట్ట కోపింగ్‌ని కొట్టిన చప్పుడు, ఆ వెంటనే చెక్క జారే సన్నటి శబ్దం రావాలి. టక్ తర్వాత చక్రాల కీచుమనే శబ్దం వస్తే బరువు ఎక్కడో ఒక చివర ఉందని అర్థం.

ఇంతా చెప్పి ఒక మాట: రేపు పార్కుకి వెళ్లగానే స్లైడ్ ప్రయత్నించకండి. మూడింటిలో ఒక రాక్ అండ్ రోల్ కుదురుతున్న దశలో స్లైడ్ జోలికి వెళ్లడం తొందరపాటు. స్లైడ్ నుంచి దిగడమంటే రాక్ అండ్ రోల్ నుంచి దిగడమే, కాకపోతే పక్కకి కదులుతూ చేయాలి. నిలబడి చేయలేనిది కదులుతూ అసలు చేయలేం. పదికి తొమ్మిది కుదిరే వరకు నిటారు రాక్ అండ్ రోల్ మీదే ఉండండి.

రాక్ అండ్ రోల్‌లో తేడా కొట్టేది ఎక్కువగా తలే. ముందు చక్రాలు అవతలికి దాటగానే కళ్లు కోపింగ్ మీదే ఉండిపోతాయి. కళ్లు ఎక్కడుంటే భుజాలు అక్కడే, భుజాలు ఎక్కడుంటే బోర్డూ అక్కడే. పొట్ట 'టక్' అన్న క్షణంలో చూపు కుడి భుజం మీదుగా ర్యాంప్ అడుగుకి పోవాలి. ముందు చెయ్యి, అంటే ఎడమ చెయ్యి, ఛాతీకి అడ్డంగా కుడివైపుకి ఊగాలి. దాంతో పైభాగం ముందే లోపలికి తిరిగిపోతుంది. అప్పుడు వెనుక కాలితో టెయిల్ (బోర్డు వెనుక కొన) నొక్కితే నోస్ లేస్తుంది, నడుము తిరుగుతుంది, బోర్డు ఎలాగూ వెంట వస్తుంది. వరస మాత్రం ఇదే: తల, భుజం, టెయిల్. టెయిల్ ముందు నొక్కేసి తర్వాత తిరగాలని చూస్తే నోస్ లేచి అక్కడే వేలాడుతుంది, మీరు వెనక్కి జారతారు.

దీనికి మంచి సాధన బ్యాక్‌సైడ్ కిక్‌టర్న్. మామూలుగా గోడ మధ్యలో చేసేది కాదు, ముందు చక్రాలు కోపింగ్ పైనుంచి ఎగిరి దాటి వచ్చేంత ఎత్తులో చేసేది. చక్రాలని దేనికీ తగలనివ్వకుండా అంచు మీదుగా తిప్పుకురావడం అలవాటైతే రాక్ అండ్ రోల్ దిగడంలో సగం పని అయిపోయినట్టే. బోరు కొడుతుంది, నిజమే. పక్కన పదేళ్ల పిల్లలు ఏవేవో చేస్తుంటే మనం కిక్‌టర్నులు కొడుతూ కూర్చోవడం సిగ్గుగా కూడా ఉంటుంది. అయినా కొట్టండి.

హ్యాంగప్ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసేసి వదిలేశారు. నేను మాత్రం దాని గురించే ఎక్కువ చెప్పాలి. దిగేటప్పుడు ముందు చక్రాలు కోపింగ్‌కి తట్టుకోవడమే హ్యాంగప్. గడప తన్నుకున్నట్టే, కాలు ఆగిపోతుంది, మనిషి ఆగడు. తేడా ఏమిటంటే ఇక్కడ గడప అవతల నాలుగడుగుల లోతు ఉంది. దీనికి కారణాలు మూడు. నోస్ చాలినంత లేపకపోవడం మొదటిది, ఎక్కువసార్లు జరిగేదీ ఇదే. రెండోది సగమే తిరిగి దిగడం: బోర్డు కోపింగ్‌కి ఏటవాలుగా ఉంటే ఒక చక్రం దాటి రెండోది ఇరుక్కుంటుంది. మూడోది అనుమానం. దిగుదామా, బోర్డు వదిలేసి దూకేద్దామా అని మధ్యలో ఆలోచిస్తే బరువు ముందు కాలి మీదకి వచ్చేస్తుంది, నోస్ పడిపోతుంది. వదిలేయాలనుకుంటే కోపింగ్ ఎక్కకముందే వదిలేయండి, లేదా ముందు కాలు ప్లాట్‌ఫాం మీద పెట్టి నిలబడిపోండి. ఎక్కి తిరగడం మొదలుపెట్టాక మాత్రం పూర్తి చేయాల్సిందే.

ధైర్యం చెప్పే మాట కూడా ఒకటుంది. రాక్ టు ఫేకీలో హ్యాంగప్ అయితే వీపు మీదో తల మీదో పడతాం, ఎందుకంటే వెనక్కి పోతూ పడతాం. రాక్ అండ్ రోల్‌లో ఛాతీ ఇప్పటికే కిందికి తిరిగి ఉంటుంది. పడేచోటు కనబడుతుంది కాబట్టి పరుగెత్తి తప్పించుకోవచ్చు, లేదా మోకాళ్ల మీద జారొచ్చు. రాక్ టు ఫేకీ చేయగలిగారంటే ఈ రెండింటిలో ఎక్కువ ప్రమాదమున్నదాన్ని మీరు ఇప్పటికే దాటేశారు. ఇంకో సంగతి: నాలుగడుగుల ఎత్తు, ఏడడుగుల వ్యాసార్ధం ఉన్న వంపు పైన కూడా నిట్టనిలువుగా ఉండదు, 65 డిగ్రీలే ఉంటుంది. నిలువు గోడలున్న పెద్ద ర్యాంపుతో పోలిస్తే ఇది చాలా క్షమిస్తుంది.

స్లైడ్ నుంచి రాక్ టు ఫేకీలాగా వెనక్కి దిగితే సులువేమో అని కూడా అడిగారు. కొందరు అలాగే నేర్పుతారు. నాకు నచ్చదు. స్లైడ్‌లో మీ వేగం కుడివైపుకి ఉంది, ఛాతీ కూడా అటే ఉంది. అదే దిశలో ఇంకాస్త తిరిగితే ర్యాంప్ లోపల ఉంటారు. ఫేకీకి దిగాలంటే ఆ తిరుగుడుని మధ్యలో ఆపి వెనక్కి లాక్కోవాలి, పైగా పడితే వీపు మీద పడాలి. మీకు రాక్ టు ఫేకీ బాగా వచ్చు కాబట్టి మనసు అటు లాగుతుంది, లాగనివ్వకండి.

రాక్ అండ్ రోల్ నిలకడగా వచ్చాక కోణం కలపడం మొదలుపెట్టండి. ఒకేసారి 30 డిగ్రీలు వద్దు. సుద్దముక్కతో ప్లాట్‌ఫాం అంచున ఒక గీత పెట్టుకుని, మొదట దానికి నేరుగా ఎదురుగా బయల్దేరి రాక్ అండ్ రోల్ చేయండి. తర్వాత ఒక అడుగు ఎడమకి జరిగి అక్కడి నుంచి బయల్దేరి అదే గీత దగ్గర ఎక్కండి. ఆపైన రెండడుగులు, మూడడుగులు. స్లైడ్ చేయాలని మాత్రం ప్రయత్నించకండి, రాక్ అండ్ రోల్ చేస్తున్నాననే అనుకోండి. ఎక్కడో ఒకచోట మీ ప్రమేయం లేకుండానే బోర్డు జానెడు దూరం జారుతుంది. మొదటిసారి ఒళ్లు ఝల్లుమంటుంది, వెంటనే కంగారుపడి దూకేస్తారు. ఆ జానెడు జారుడు మళ్లీ మళ్లీ తెచ్చుకుని, దాన్నుంచి శుభ్రంగా దిగడం నేర్చుకోండి. నా లెక్కలో ట్రిక్ వచ్చేసినట్టే. మిగిలిందల్లా దూరం పెంచుకోవడం.

జారుతున్నప్పుడు కాళ్లతో తోయొద్దని మళ్లీ చెప్తున్నాను. ముందు కాలు ముందు ట్రక్కు బోల్టుల వెనకాలే, వెనుక కాలు టెయిల్ మీద ఉండాలి. జారుతుంటే వెనుక కాలి పాదం టెయిల్ మీద సిద్ధంగా ఉండాలి తప్ప నొక్కి ఉండకూడదు. భుజాలు రెండూ సమంగా, చేతులు నడుము ఎత్తులో. చూపు బోర్డు మీద ఉండకూడదు, రెండు మూడడుగుల ముందు కోపింగ్ మీద ఉండాలి. బోర్డుని చూస్తే తల వంగుతుంది, తల వంగితే బరువు ముందుకి పోతుంది.

ఎప్పుడు దిగాలి? జారుడు ఇంకా బతికి ఉండగానే. వేగం పూర్తిగా చచ్చిపోయాక దిగాలని చూస్తే అది మళ్లీ నిటారు రాక్ అండ్ రోల్ అయిపోతుంది, కాకపోతే అలసిన కాళ్లతో, సరిగా లేని కోణంలో. వేగం మందగిస్తోందని పాదానికి తెలుస్తుంది, ఆ క్షణంలో తల తిప్పండి. ఆలస్యంగా దిగడం కన్నా కాస్త ముందే దిగడం మేలు. పాత స్కేటర్లు చివరి క్షణం దాకా సాగదీసి, దాదాపు ఆగిపోయాక విదిలించుకుని దిగడం చూసే ఉంటారు. అది అందంగానే ఉంటుంది, కానీ మనకి అది తర్వాతి మాట.

ఇప్పుడు సామాను. రైల్స్ అంటే బోర్డు కింద నిలువుగా బిగించే రెండు ప్లాస్టిక్ పట్టీలు. ఎనభైల్లో దాదాపు అందరి బోర్డులకీ ఉండేవి. పావెల్ పెరాల్టా అనే బోర్డుల కంపెనీ వాళ్ల రిబ్ బోన్స్ రైల్స్ బాగా పేరు పడ్డాయి. తొంభైల మొదట్లో స్ట్రీట్ స్కేటింగ్ ఊపందుకుని, బోర్డులు సన్నబడి రెండు చివర్లూ ఒకేలా తయారయ్యేసరికి రైల్స్ మాయమయ్యాయి. ఈమధ్య మళ్లీ దొరుకుతున్నాయి. రాక్ స్లైడ్‌కి నిజంగానే పనికొస్తాయి: చెక్క కన్నా నున్నగా జారుతాయి, బోర్డు మీది బొమ్మ చెడిపోదు, అన్నిటికన్నా ముఖ్యంగా జారుడు ఈరోజూ రేపూ ఒకేలా ఉంటుంది. ఈ చివరి కారణం కోసమే మీ దశలో ఉన్నవాళ్లకి రైల్స్ బిగించుకోమంటాను. చెక్క పొట్టతో ఐతే ఒక రోజు జర్రున పోతుంది, మరుసటి రోజు పట్టేస్తుంది, తప్పు మనదో బోర్డుదో తెలియదు. అయితే నిటారుగా ఎక్కేవాడికి రైల్స్ ఏమీ చేయలేవు. కోణం దిద్దుకున్నాకే బిగించండి. స్క్రూలు బోర్డు పైకి పొడుచుకు రాకుండా పొట్టివి వాడండి, అంచులకి మరీ దగ్గరగా బిగించొద్దు. ల్యాపర్ అని వెనుక ట్రక్కుకి తగిలించే ప్లాస్టిక్ ముక్క గురించి ఎక్కడో చదివానన్నారు. అది వెనుక ట్రక్కు కోపింగ్‌కి తట్టుకోకుండా చూస్తుంది. హ్యాంగప్ విషయంలో మీ సమస్య ముందు చక్రాలది, కాబట్టి డబ్బులు దండగ.

పాతకాలపు బోర్డు, అంటే పది అంగుళాల వెడల్పు, ముప్పై అంగుళాల పొడవు, పెద్ద టెయిల్, బుడ్డ నోస్ ఉన్నది, నిలబడటానికి హాయిగా ఉంటుంది. నాకూ ఇష్టమే. కానీ బరువెక్కువ, దిగేటప్పుడు నోస్ లేపడానికి ఎక్కువ శ్రమ పడాలి. మీ దగ్గరున్న 8.5 అంగుళాల బోర్డు ఈ ట్రిక్‌కి చక్కగా సరిపోతుంది. కొనుక్కోవాలని మనసు పడితే కొనుక్కోండి, ట్రిక్ కోసమని ఇంట్లో చెప్పకండి.

వ్యాక్స్ విషయంలో జాగ్రత్త. ఇనుప కోపింగ్‌కి కొవ్వొత్తి మైనం పల్చగా ఒక్క పూత చాలు, అదీ మీరు జారే మూడు నాలుగడుగుల మేర. మందంగా రాస్తే కిక్‌టర్న్ చేసే చోట చక్రాలు జారిపోతాయి, మీకు తెలియకుండా వేరేవాళ్లు పడతారు. పార్కులో ఉన్నవాళ్లని అడగకుండా రాయడం మర్యాద కూడా కాదు. మీ ర్యాంప్ కోపింగ్ ఒకసారి చేత్తో తడిమి చూడండి. రెండంగుళాల పైపు అంటారు గానీ దాని బయటి వ్యాసం 2.375 అంగుళాలు. అది ప్లాట్‌ఫాం కన్నా, గోడ కన్నా పావు అంగుళం నుంచి మూడు ఎనిమిదో వంతుల అంగుళం దాకా బయటికి ఉంటే బాగుంటుంది. అంతకన్నా ఎక్కువ పొడుచుకొస్తే హ్యాంగప్‌లు పెరుగుతాయి, బొత్తిగా లోపలికి ఉంటే పొట్టకి ఆనడానికి ఏమీ దొరకదు. పైపుల అతుకుల దగ్గర వెల్డింగ్ గడ్డ ఉంటే అక్కడ బోర్డు గతుక్కుమని ఆగుతుంది. మీ బోర్డు ఎప్పుడూ ఒకే చోట ఆగుతోందా అన్నది గమనించండి, ఆగుతుంటే తప్పు మీది కాదు, అతుకుది. రెండడుగులు అటో ఇటో జరగండి.

చక్రాలు 54 నుంచి 58 మిల్లీమీటర్లు, గట్టిదనం 97ఎ నుంచి 101ఎ మధ్య ఏవైనా ఫరవాలేదు. వీధుల్లో తిరగడానికి వాడే 78ఎ మెత్తటి చక్రాలతో మాత్రం వద్దు. గోడకి తగిలిన ప్రతిసారీ పట్టేసుకుంటాయి.

వయసు సంగతి. 41 ఏళ్లకి రాక్ స్లైడ్ నేర్చుకోవడానికి ఏ అడ్డూ లేదు. దీనికి ఎగరక్కర్లేదు, ఎత్తు నుంచి దూకి మోకాళ్ల మీద భారం వేయక్కర్లేదు. ఒంట్లో స్ప్రింగు ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడికన్నా ఓపికున్న నలభై ఏళ్ల మనిషికి ఈ ట్రిక్ తొందరగా వస్తుందని చాలాసార్లు చూశాను. కుర్రాడు హ్యాంగప్ అయినా లేచి నవ్వుకుంటాడు, అందుకని దిగడం నేర్చుకోడు. నలభైల్లో తేడా ఉండేది దెబ్బ తగిలాక కోలుకోవడంలో. మణికట్టు విరిగితే ఆరు వారాలు కీబోర్డు కూడా సరిగా పట్టలేరు. అందుకే పడటం విడిగా నేర్చుకోండి. గట్టి ప్లాస్టిక్ టోపీ ఉన్న మోకాలి ప్యాడ్లు వేసుకుని, బోర్డు లేకుండా, గోడ మీద సగం ఎత్తు నుంచి పరుగెత్తుకొచ్చి రెండు మోకాళ్ల మీద జారండి. పిరుదులు మడమలకి ఆనించి, నడుము కాస్త వెనక్కి, చేతులు ఛాతీ దగ్గర. చెయ్యి నేలకి ఆనించాలన్న కోరికని చంపుకోవడమే దీని ఉద్దేశం. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పబ్లిక్ స్కేట్‌పార్కుల్లో హెల్మెట్, మోచేతి, మోకాలి ప్యాడ్లు ఎలాగూ తప్పనిసరి. చట్టంలో లేకపోయినా మణికట్టు గార్డులు కూడా మొదటి నెలల్లో వేసుకోండి.

మనవాళ్లెవరైనా పార్కు పక్కగా వాకింగ్‌కి వచ్చి 'ఈ వయసులో ఇదేం పోయేకాలం' అన్నట్టు చూస్తారు. అలవాటైపోతుంది. మా ఆవిడ ఇప్పటికీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు చేతిలో పెట్టి పంపిస్తుంది.

స్లైడ్ సాధనకి మినీ ర్యాంప్ వెడల్పు చాలావరకు కావాలి కాబట్టి వారాంతం పొద్దున్నే, జనం రాకముందే వెళ్లడం మంచిది. రద్దీలో మీరు ఏటవాలుగా వస్తే ఎదుటివాళ్ల దారికి అడ్డం పడతారు. నేరుగా పైకీ కిందకీ తిరిగేవాళ్లకి మీరు ఎటు పోతారో అర్థం కాదు. బయల్దేరే ముందు 'అటు జారుతున్నా' అని చెయ్యి చూపిస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఫ్రంట్‌సైడ్ వైపు (ఛాతీ కోపింగ్ వైపు ఉండేలా ఎక్కి) కూడా ఇలాగే చేయొచ్చా అన్నారు. చేయొచ్చు, కానీ అది ఇంకో మెట్టు. ఫ్రంట్‌సైడ్ రాక్ స్కేటర్ ఎడ్డీ ఎల్గేరా కనిపెట్టింది. అందులో దిగేటప్పుడు కింద ఏముందో కనబడకుండా వీపు వైపుగా తిరగాలి. ఈ బ్యాక్‌సైడ్ రాక్ స్లైడ్ చేతికొచ్చి, కోపింగ్ మీద నిలబడటం భయం లేకుండా అయ్యాక ముందు ఫ్రంట్‌సైడ్ రాక్ విడిగా నేర్చుకోండి. జారుడు ఆ తర్వాత.

సుద్దగీత సాధన చేశాక ఇంకా ఆగిపోతుంటే ఒక వీడియో పెట్టండి. పక్కనుంచి తీసిన వీడియోలో కోణం తెలియదు. ఎవరినైనా ఎదుటి ప్లాట్‌ఫాం మీద నిలబెట్టి, మీరు బయల్దేరిన చోటూ కోపింగ్ ఎక్కిన చోటూ రెండూ కనబడేలా, చప్పుడు వినబడేలా తీయించండి. స్లో మోషన్ వద్దు, అందులో శబ్దం పాడైపోతుంది.